పాత ఎస్టీమ్‌కి ఫ్యూయల్ ప్రెషర్ పెంచాలా?

ప్రశ్న: మాది 2001 మోడల్ మారుతి ఎస్టీమ్, ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పోసే రకం). నాన్నగారు కొన్న బండి. రెండేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది, ఈమధ్యే బయటికి తీశాం. పొద్దున్నపూట ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. వేడి మీద ఆపి, ఒక పావుగంట తర్వాత తీస్తే మాత్రం చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పికప్ పడిపోతుంది, ఎక్స్‌లేటర్ ఎంత తొక్కినా లాగదు. మా మెకానిక్ గేజి పెట్టి చూస్తే ఐడిలింగ్‌లో 2.3 కేజీలు చూపించింది. 'మూడు ఉండాలి, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక ఇంకా కావాలి' అంటున్నాడు. అడ్జస్టబుల్ రెగ్యులేటర్ వేసి నాలుగుకి పెంచుదామన్నాడు. అది దొరక్కపోతే ఉన్న రెగ్యులేటర్ తలని వైసులో కాస్త నొక్కితే ప్రెషర్ పెరుగుతుందట. చేయించమంటారా? ఎంతకి సెట్ చేయించాలి?
– తణుకు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: వద్దండీ. నాలుగుకీ వద్దు, మూడున్నరకీ వద్దు. వైసు మాటైతే అసలు ఎత్తనే వద్దు. మీ మెకానిక్ చూసిన 2.3 కేజీలు తక్కువ ప్రెషర్ కాదు. మీ ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఉండాల్సిందే అంత.

ఆయన చెప్పిన మూడు కూడా తప్పు అంకె కాదు. ఆ రెండూ వేర్వేరు పరిస్థితుల్లో తీసే రీడింగులు, అంతే. పడుకున్నవాడి బీపీకీ మెట్లెక్కి వచ్చినవాడి బీపీకీ తేడా ఉంటుంది కదా, ఎప్పుడు చూశారో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే డాక్టరు కూడా ఏమీ చెప్పలేడు. రిటర్న్ లైను ఉన్న ఆ కాలపు సుజుకీ ఎంపీఎఫ్ఐ ఇంజన్లలో, ఇంజను ఆపి ఫ్యూయల్ పంపు మాత్రం తిరుగుతున్నప్పుడు సుమారు 2.7 నుంచి 3.1 కేజీలుండాలి. ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు 2.1 నుంచి 2.6. ఆపేశాక ఒక నిమిషానికి చూసినా 2 కేజీలకి తగ్గకూడదు. (కేజీ అంటే ఇక్కడ చదరపు సెంటీమీటరుకి కేజీ. మీ గేజి మీద పీఎస్ఐలో ఉంటే ఒక కేజీకి సుమారు 14.2 అనుకోండి.) ఈ మూడింటిలో మీ మెకానిక్ చూసింది రెండోది ఒక్కటే. అది సరిగ్గానే ఉంది. మీ బండి జబ్బు మిగతా రెండింటిలో ఎక్కడో ఉందని నా అనుమానం.

ఐడిలింగ్‌లో ప్రెషర్ ఎందుకు తగ్గుతుందో అర్థమైతే మిగతాదంతా తేలిక. ఇంజెక్టర్ల వరసకి పెట్రోలు అందించే రెయిలు చివర చిన్న గిన్నెలా కనిపించేదే రెగ్యులేటర్. దాని లోపల ఒక రబ్బరు డయాఫ్రమ్, దాని వెనక ఒక స్ప్రింగు ఉంటాయి. పంపు ఎప్పుడూ అవసరానికి మించే పెట్రోలు పంపిస్తుంది. స్ప్రింగు బలాన్ని దాటిన ప్రెషర్ వస్తే డయాఫ్రమ్ లేచి, మిగులు పెట్రోలుని రిటర్న్ లైనులోంచి మళ్లీ ట్యాంకులోకి వదిలేస్తుంది. ఇంతవరకు మెకానిక్కులందరికీ తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది దాని నెత్తిన ఉండే సన్నటి వాక్యూమ్ పైపుని.

ఇంజెక్టరు మూతి ఉండేది ఇంటేక్ మానిఫోల్డులో, అంటే సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టంలో. ఐడిలింగ్‌లో గాలి దారిలోని మూత, అంటే థ్రాటిల్, మూసి ఉంటుంది కాబట్టి మానిఫోల్డులో బయటి గాలి కంటే సుమారు 0.6 కేజీల తక్కువ ఒత్తిడి ఉంటుంది. అంటే లోపలినుంచి ఇంజను పెట్రోలుని తనంతట తనే లాగుతోందన్నమాట. రెయిల్లో ప్రెషర్ మారకుండా ఒకేలా ఉంటే, ఐడిలింగ్‌లో ఎక్కువ పెట్రోలు, ఫుల్ థ్రాటిల్‌లో తక్కువ పెట్రోలు పడుతుంది. ఇంజెక్టరు ఎంతసేపు తెరిచి ఉంచాలో లెక్క వేసే ఈసీయూకి, అంటే ఇంజను కంప్యూటరుకి, ఇది కుదరదు. అందుకే మానిఫోల్డు వాక్యూమ్‌నే ఆ పైపుతో రెగ్యులేటర్ వెనక్కి తెచ్చి పెట్టారు. వాక్యూమ్ ఎంత ఉంటే రెయిలు ప్రెషర్ అంత తగ్గుతుంది. ఇంజెక్టరుకి ముందూ వెనకా ఉన్న ప్రెషర్ తేడా మాత్రం ఎప్పుడూ ఒక్కటే, సుమారు 2.9. అందులోంచి 0.6 తీసేయండి. మీ మెకానిక్ చూసిన 2.3 వస్తుంది.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద పనేం లేదు. గేజి ఎలాగూ ఉంది కదా, ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా రెగ్యులేటర్ మీది వాక్యూమ్ పైపు లాగి, పైపు మూతిని వేలితో మూయమనండి. ముల్లు 2.3 నుంచి వెంటనే 2.9 దగ్గరికి ఎక్కాలి, మళ్లీ పెడితే దిగాలి. అలా జరిగితే రెగ్యులేటర్ పని చేస్తున్నట్టే. పైపు లాగినప్పుడే దాని మూతి వాసన చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగిందని అర్థం. అప్పుడు పెట్రోలు ఆ పైపులోంచి నేరుగా మానిఫోల్డులోకి పోతుంది. నల్ల పొగ, పెట్రోలు వాసన, వేడి మీద స్టార్టు కాకపోవడం, ఇవన్నీ అక్కణ్ణుంచే వస్తాయి. ఆ పైపు పెళుసెక్కి పగిలి ఉన్నా, ఎవరైనా తీసి పక్కన పెట్టేసి ఉన్నా కూడా ఇంజను పెట్రోలు ఎక్కువై రిచ్‌గా నడుస్తుంది. ఇరవయ్యేళ్లు దాటిన బండి కాబట్టి ఆ జానెడు పైపు ఎలాగూ మార్చేయండి.

ఇక నాలుగు కేజీలకి పెంచితే ఏమవుతుందో చూద్దాం. ఇంజెక్టరులోంచి పడే పెట్రోలు ప్రెషర్‌తో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. ప్రెషర్ పది శాతం పెంచితే పెట్రోలు ఐదు శాతమే పెరుగుతుంది. 2.9 నుంచి 4కి తీసుకెళ్తే సుమారు 17 శాతం ఎక్కువ పడుతుంది. ఎక్కువ పెట్రోలు పడితే ఎక్కువ పికప్ అన్నది కార్బరేటర్ రోజుల నమ్మకం. అదీ అప్పటికే పెట్రోలు తక్కువై లీన్‌గా నడుస్తున్న బండి విషయంలోనే నిజం. సరిగ్గా నడుస్తున్న ఇంజనుకి 17 శాతం అదనంగా పోస్తే పవర్ పెరగదు, తగ్గుతుంది.

మీ బండిలో సిలెన్సర్ పైపు మొదట్లో ఆక్సిజన్ సెన్సర్ ఉంటే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి మిశ్రమం రిచ్చో లీనో అది ఈసీయూకి చెబుతుంది, ఈసీయూ ఇంజెక్టరు తెరిచే సమయాన్ని కోసేస్తుంది. అంటే మీరు డబ్బు పెట్టి పెంచిన ప్రెషర్‌ని మీ కంప్యూటరే కూర్చుని తగ్గిస్తుంది. మామూలు నడకలో మీకు తేడాయే తెలియదు. సెన్సర్ మాట వినని సందర్భాలు రెండున్నాయి, ఒకటి ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రెండోది ఎక్స్‌లేటర్ పూర్తిగా తొక్కినప్పుడు. ఆ రెండు వేళలా మాత్రం అదనపు పెట్రోలంతా లోపలికి పోతుంది. ప్లగ్గులు నల్లబడతాయి, సిలిండరు గోడల మీది ఆయిల్ కడుక్కుపోతుంది, కాలని పెట్రోలు పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. సెన్సరే లేని బండైతే రోజంతా ఇదే పరిస్థితి. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర కూడా దొరికిపోతారు.

పంపు సంగతి కూడా చూడాలి. ప్రెషర్ పెంచేకొద్దీ అది తోడే పెట్రోలు పరిమాణం తగ్గుతుంది, తాగే కరెంటు పెరుగుతుంది. మీ బండికి ఫ్లైఓవర్ మీద పెట్రోలు చాలడం లేదన్నదే జబ్బయితే, ప్రెషర్ పెంచడం అంటే అసలే ఆయాసపడుతున్న పంపు నెత్తిన మరో మూట పెట్టడం.

వైసులో నొక్కే విద్య గురించి. రెగ్యులేటర్ రేకు తలని లోపలికి అణిస్తే స్ప్రింగు బిగుస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది, నిజమే. ఎంత పెరుగుతుందో నొక్కేవాడికీ తెలియదు, ఎక్కువైతే వెనక్కి తీసుకురావడం ఎవరి వల్లా కాదు. అసలు భయం అది కూడా కాదు. ఆ గిన్నె రెండు ముక్కల్నీ కలిపి డయాఫ్రమ్ అంచు మీద మడిచి బిగించిన మడత ఉంటుంది. వైసు దెబ్బకి అది వదులైతే మూడు కేజీల ప్రెషర్‌తో పెట్రోలు సన్నటి తుంపరలా వేడి ఇంజను మీద పడుతుంది. బండి తగలబడటానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఇంత గట్టిగా చెబుతున్నా, ప్రెషర్ సెట్ చేయడమే తప్పని కాదు. సెట్ చేయాల్సిన ఇంజన్లు ఉన్నాయి. 1967లో బాష్ కంపెనీ తెచ్చిన డీ-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ పద్ధతి ఉన్న పాత ఫోక్స్‌వాగన్ లాంటి బండ్లలో రెగ్యులేటర్ మీద స్క్రూ, లాక్ నట్ ఉంటాయి. సుమారు 2 బార్ (ఒక బార్ దాదాపు ఒక కేజీ) దగ్గర గేజి చూసుకుంటూ తిప్పి బిగించాలి. అందులో ఆక్సిజన్ సెన్సర్ లేదు, ఈసీయూ తన తప్పు తను దిద్దుకోలేదు, అందుకే ఆ సెట్టింగు అంత ముఖ్యం. 1973 నుంచి వచ్చిన కే-జెట్రానిక్‌లో, అంటే పాత మెర్సిడెస్, వోల్వో, పోర్షే బండ్లలో, ఇంజెక్టర్లు కరెంటుతో తెరుచుకోవు, ప్రెషర్‌తోనే తెరుచుకుంటాయి. అక్కడ ప్రెషరే మిశ్రమం. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ లోపల సన్నటి షిమ్ములు (రేకు బిళ్లలు) వేసి సుమారు 5 బార్‌కి సెట్ చేస్తారు. వీడియోల్లో మనవాళ్లు చూసేవి ఎక్కువగా ఇలాంటి బండ్లు, లేకపోతే టర్బో పెట్టి మార్చేసిన ఇంజన్లు. వాటిని చూసి తణుకులో ఎస్టీమ్ మీద స్క్రూ వెతకడం వల్లే వస్తుంది చిక్కంతా. ఎస్టీమ్ మీద ఆ స్క్రూ లేకపోవడం పొరపాటు కాదు, కావాలనే పెట్టలేదు.

ఈ20 మాటకొద్దాం. 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా దాదాపు బంకులన్నింటికీ వచ్చేసింది. మీ మెకానిక్ వాదనలో సగం నిజముంది. మామూలు పెట్రోలు ఒక కేజీ కాలడానికి 14.7 కేజీల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కేజీలు చాలు. ఇరవై శాతం కలిపిన పెట్రోలుకి ఆ లెక్క సుమారు 13.5 దగ్గరకొస్తుంది. అంటే పాత ఈసీయూ లెక్క ప్రకారం పోసిన పెట్రోలు ఏడెనిమిది శాతం తక్కువ పడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ బాగుంటే ఆ లోటుని ఈసీయూ తనే పూడ్చుకుంటుంది, అది దాని చేతిలోని పనే. మైలేజీ కొంత తగ్గుతుంది, దానికి ప్రెషర్ మందు కాదు. కాబట్టి ఈ20 కోసం ప్రెషర్ పెంచే బదులు సెన్సర్ పని చేస్తోందో లేదో చూపించండి. మొబైల్‌కి కలిపే బండి కంప్యూటరుని చదివే చవక ఓబీడీ డాంగిల్‌తో కుదురుతుందేమో అనుకోకండి, మన దగ్గర ఓబీడీ తప్పనిసరైంది 2010 తర్వాతే. 2001 బండికి ఆ తరం స్కానర్ ఉన్న పాత సర్వీస్ సెంటర్ మనిషో, మల్టీమీటరుతో సెన్సర్ వోల్టేజి చూడగలిగిన ఎలక్ట్రీషియనో కావాలి. ఇంజను వేడెక్కాక ఆ వోల్టేజి 0.1కీ 0.9కీ మధ్య ఆగకుండా ఊగుతూ ఉండాలి. ఒకచోటే నిలబడిపోతే ముందు సెన్సర్ సంగతి చూడండి.

ఈ20 వల్ల నేను నిజంగా భయపడేది రబ్బరు గురించి. 2001లో వేసిన హోస్‌లు, ఓ-రింగులు, డయాఫ్రమ్ ఇంత ఇథనాల్‌ని తట్టుకోవాలని చేసినవి కావు. పైగా ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. మీ బండి రెండేళ్లు కదలకుండా ఉంది. ట్యాంకులో సగం పెట్రోలు, సగం గాలి, పైన గోదావరి జిల్లా తేమ. రేకు ట్యాంకు లోపల తుప్పు పట్టి ఉంటుంది, ఆ తుప్పూ పాత పెట్రోలు జిగురూ కలిసి ఫిల్టరుకి చేరి ఉంటాయి. బయటికి తీశాక ట్యాంకు ఖాళీ చేయించారా, ఫిల్టరు మార్పించారా? ఉత్తరంలో ఆ మాటే లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు జబ్బు వెతుకుదాం. మీరు రాసినవి రెండు వేర్వేరు కంప్లెయింట్లు, రెండింటికీ ఒకే కారణం ఉండాలని లేదు.

వేడి మీద స్టార్టు కాకపోవడం ముందు చూద్దాం. ఇంజను ఆపాక బానెట్ కింద వేడి కొంతసేపు ఇంకా పెరుగుతుంది. రెయిల్లో పెట్రోలు ప్రెషర్‌లో నిలిచి ఉంటే ఆ వేడికి ఆవిరి కాదు. ప్రెషర్ దిగిపోతే రెయిలంతా ఆవిరి బుడగలతో నిండుతుంది. అప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లలోంచి ముందు ఆవిరే వస్తుంది, పెట్రోలు వచ్చేదాకా కొడుతూనే ఉండాలి. పొద్దున్నపూట ఇంజను చల్లగా ఉంటుంది కాబట్టి ఈ బాధ ఉండదు. మీ బండి లక్షణం సరిగ్గా ఇదే.

పైసా ఖర్చు లేకుండా దీన్ని తేల్చొచ్చు. ఈసారి వేడి మీద ఆపి పావుగంట అయ్యాక, వెంటనే సెల్ఫ్ కొట్టకండి. తాళం ఆన్‌కి తిప్పి, వెనక ట్యాంకులో పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమని ఆగేదాకా ఉండండి. తాళం ఆఫ్ చేసి మళ్లీ అలాగే ఆన్ చేయండి. ఇలా మూడు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఒక్క దెబ్బకే స్టార్టయితే రెయిల్లో ప్రెషర్ నిలబడడం లేదని దాదాపు ఖాయం. అలా చేసినా మొండికేస్తే వేరే వైపు చూడాలి. ఇంజను వేడి చెప్పే టెంపరేచర్ సెన్సర్ తప్పు చెబితే ఈసీయూ వేడి ఇంజనుకి చల్లటి ఇంజనుకి కావాల్సినంత పెట్రోలు పోస్తుంది. అప్పుడు ఎక్స్‌లేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడితే స్టార్టవుతుంది, సిలెన్సర్లోంచి పెట్రోలు వాసన కూడా వస్తుంది.

ప్రెషర్ ఎక్కడ దిగిపోతోందో గేజి ఉంటే దొరుకుతుంది. ఇంజను ఆపగానే ముల్లు చూస్తూ ఉండండి. వేగంగా పడిపోతుంటే, మళ్లీ స్టార్టు చేసి ఆపిన వెంటనే రిటర్న్ హోస్‌ని మూసి పట్టాలి. ముల్లు నిలబడితే దోషం రెగ్యులేటర్‌ది. నిలబడకపోతే ఈసారి పంపు నుంచి గేజికి వచ్చే హోస్‌ని మూయాలి. అప్పుడు నిలబడితే పంపులో పెట్రోలుని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వు పోయింది. రెండూ మూసినా పడిపోతుంటే ఏదో ఒక ఇంజెక్టరు కారుతోంది, ప్లగ్గులు విప్పితే ఒకటి మిగతావాటికంటే నల్లగా, తడిగా కనిపిస్తుంది. మూయడానికి మామూలు కట్టింగ్ ప్లేయరు వాడనివ్వకండి, పాత హోస్ అక్కడికక్కడే చీలుతుంది. హోస్ నొక్కడానికే నున్నటి దవడలున్న క్లాంపులు దొరుకుతాయి. గట్టిపడిపోయిన హోస్ అయితే అసలు నొక్కొద్దు, ముందు మార్చి ఆ తర్వాతే పరీక్ష.

ఫ్లైఓవర్ మీద లాగకపోవడం రెండోది. ఇక్కడ మీ ఉత్తరంలో 'ఏసీ వేసుకుని' అన్న మాట నాకు ముఖ్యంగా తోచింది. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పెరుగుతుంది, ఎక్కువ పెట్రోలు కావాలి. దాంతోపాటు బ్లోయరు, కండెన్సర్ ఫ్యాను తిరగడం మొదలై కరెంటు కూడా లాగేస్తాయి. ఫ్యూయల్ పంపు కరెంటు మోటారు. వోల్టేజి తగ్గితే నెమ్మదిస్తుంది, దాని తోడుడు మరీ తగ్గిపోతుంది. ఐడిలింగ్‌లో ఇంజనుకి చెంచాడు పెట్రోలు చాలు కాబట్టి నీరసంగా తిరిగే పంపు కూడా 2.3 కేజీలు బ్రహ్మాండంగా చూపిస్తుంది. ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడే బండారం బయటపడుతుంది. మీ మెకానిక్ గేజి ఐడిలింగ్‌లో పెట్టి వదిలేయడం వల్ల ఈ సంగతి దాటిపోయింది.

కాబట్టి ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడమనండి, 13.5కి అటూ ఇటూగా ఉండాలి. అదే సమయంలో ట్యాంకు దగ్గర పంపు కప్లర్‌లో వోల్టేజి చూడాలి. తేడా అర వోల్టు దాకా ఫరవాలేదు, ఒక వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో నష్టం ఉంది. పంపు రిలే కాంటాక్టులు కాలిపోవడం, కప్లర్ పిన్నులకి పచ్చటి చిలుము పట్టడం, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు, పాత బండ్లలో ఈ మూడే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. గీకి శుభ్రం చేసి రిలే మారిస్తే సరిపోయే పనికి కొత్త పంపులు వేయించుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. పైగా వోల్టేజి అందకపోతే కొత్త పంపు కూడా అలాగే మూలుగుతుంది.

వోల్టేజి బాగుంటే ఫిల్టరు. నిజానికి మీ బండికి పరీక్ష కూడా అనవసరం, మార్చేయండి. దాని మీద బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి, బాంజో బోల్టు (పెట్రోలు తన లోపలి రంధ్రంలోంచి పోయే బోల్టు) ఉంటే కొత్త కాపర్ వాషర్లు వేయాలి. పాత ఫిల్టరులోని పెట్రోలుని, అది లోపలికి వచ్చిన వైపు నుంచే తెల్లటి డబ్బాలోకి ఒంపి చూడండి. ఎర్రటి బురద దిగితే ట్యాంకు దించి కడిగించక తప్పదు, పంపు కింద ఉండే జల్లెడ సంచి కూడా మార్చాలి. లేకపోతే కొత్త ఫిల్టరు కొన్నాళ్లకే మళ్లీ మూసుకుపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా లాగకపోతే గేజితోనే రోడ్డు మీదికి వెళ్లాలి. గేజికి పొడుగు హోస్ ఉంటే బానెట్ వెనక అంచు సందులోంచి తీసి, అద్దం మీద బయటివైపు టేపుతో అంటించి నడుపుతారు. గేజిని కారు లోపలికి మాత్రం తేవద్దు, హోస్ ఊడితే పెట్రోలు మీ ఒళ్లో పడుతుంది. ఒకరు నడపాలి, ఒకరు ముల్లు చూడాలి. ఫ్లైఓవర్ మీద ఫుల్ థ్రాటిల్ కొట్టినప్పుడు మానిఫోల్డులో వాక్యూమ్ పోతుంది కాబట్టి ముల్లు 2.3 నుంచి 2.9 వైపు ఎక్కాలి. ఎక్కకుండా 2 వైపు దిగితే పెట్రోలు అందడం లేదు, పంపు పని అయిపోయినట్టే. 2.9 దగ్గర కదలకుండా నిలబడి కూడా బండి లాగకపోతే పెట్రోలు లైనుని వదిలేసి ప్లగ్గులు, హెచ్‌టీ వైర్లు, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్, జారుతున్న క్లచ్ వైపు వెళ్లండి.

గేజి పెట్టే పద్ధతి గురించి ఒక మాట, ఎందుకంటే ఇది కార్బరేటర్ పైపు విప్పినంత తేలిక కాదు. కార్బరేటర్ బండిలో పైపులో ప్రెషర్ కేజీలో పావో, మూడో వంతో ఉండేది. ఇక్కడ ఇంజను ఆపి గంటైనా లైనులో ప్రెషర్ మిగిలి ఉండొచ్చు. చల్లటి ఇంజను మీద, ఆరుబయట, పంపు రిలే పీకేసి ఇంజను స్టార్టు చేసి దానంతట అదే ఆగిపోయేదాకా నడపాలి. ఆ తర్వాత రెండుమూడు సార్లు సెల్ఫ్ కొట్టి, బ్యాటరీ నెగటివ్ తీసి, అప్పుడు గుడ్డ చుట్టి జాయింటు వదులు చేయాలి. మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి. హోస్ కొత్తది వేస్తే ఎంపీఎఫ్ఐ ప్రెషర్‌కి పనికొచ్చేదే అడిగి తీసుకోండి, చూడటానికి ఒకేలా ఉండే కార్బరేటర్ హోస్ వేస్తే కొన్నాళ్లకి ఉబ్బి చీలుతుంది. పళ్లు కోసిన మామూలు స్క్రూ క్లిప్పు హోస్‌ని కోసేస్తుంది, అంచులు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పు వాడమనండి.

పరీక్షల్లో రెగ్యులేటరే పోయిందని తేలితే అదే ప్రెషర్ ఉన్న ఒరిజినల్ రకం వేయించండి. ఎస్టీమ్ 2007లోనే ఆగిపోయింది కాబట్టి షోరూములో దొరక్కపోవచ్చు. మీకు విజయవాడ ఆటోనగర్ దూరం కాదు, అక్కడ వెతికితే సెకండ్ హ్యాండ్‌వి దొరుకుతాయి. కానీ వాటి రబ్బరు వయసు కూడా మీ రబ్బరు వయసే అని గుర్తుంచుకోండి, కొనేముందు వాక్యూమ్ మూతిలో నోటితో పీల్చి చూస్తే గాలి నిలవాలి, పెట్రోలు తడి ఉండకూడదు. నోరు పెట్టేముందు గుడ్డతో తుడవండి.

ఎక్కడా దొరక్క అడ్జస్టబుల్ రెగ్యులేటరే గతి అయితే అది పాపమేం కాదు. మంచి రకం, వాక్యూమ్ పైపు మూతి ఉన్నదే తీసుకోవాలి. సెట్ చేసేటప్పుడు ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా వాక్యూమ్ పైపు తీసి, మూతి మూసి, ముల్లు 2.9 దగ్గరికి వచ్చేదాకా స్క్రూ తిప్పి లాక్ నట్ బిగించాలి. పైపు మళ్లీ పెట్టాక 2.3 దగ్గరికి దిగాలి. ఇంజను బాగా వేడెక్కాక ఇంకోసారి చూడాలి, ఆ తర్వాత ఆ స్క్రూ మీద ఒక చుక్క పెయింటు వేయించండి, ఎవరైనా తిప్పితే తెలుస్తుంది. ఎంతకి సెట్ చేయించాలని మీరడిగిన దానికి నా జవాబు ఈ 2.9 ఒక్కటే.

ఇంత చదివి మీ మెకానిక్‌ని మార్చేయాలనుకోకండి. అనుమానం రాగానే పంపు మార్చేయకుండా ముందు గేజి పెట్టిన మనిషి. ఆయన దగ్గరికే వెళ్లి ముందు తాళం మూడుసార్లు తిప్పే పరీక్ష ఫలితం చెప్పండి. తర్వాత ఫిల్టరు, వాక్యూమ్ పైపు మార్పించి, పంపు కప్లర్ దగ్గర ఏసీ వేసి ఉన్నప్పటి వోల్టేజి చూపించండి. అప్పటికీ తేలకపోతే ఆ వోల్టేజి, ఇంజను ఆపిన నిమిషం తర్వాతి ప్రెషర్, ఫుల్ థ్రాటిల్‌లో ప్రెషర్, ఈ మూడు అంకెలూ రాసి పంపండి.